వేలిముద్ర పోతే వేలు మార్చుకోలేం

రేషన్ బియ్యం మొదలు విమాన ప్రయాణం దాకా మన ఒళ్లే మన గుర్తింపు కార్డవుతోంది. వేలు, కన్ను, ముఖం... ఒకసారి జమయ్యాక వెనక్కి తీసుకోలేనివి ఇవి. వాటిని అడిగేవాళ్లకు గట్టి హద్దులు గీయాల్సిన వేళ ఇది.

సెంటు స్థలం కొన్నా, ఎకరం పొలం అమ్మినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేయాల్సిందే. రిజిస్ట్రేషన్ చట్టంలోని 32ఏ సెక్షన్ ఫొటోనూ, వేలిముద్రలనూ తప్పనిసరి చేసింది. దొంగ సంతకంతో ఒకరి ఆస్తిని ఇంకొకరు అమ్ముకోకుండా అడ్డుకోవడం దాని ఉద్దేశం. రిజిస్టరైన దస్తావేజుల నకళ్లను ఆన్‌లైన్‌లో చూసుకునే వీలు కల్పించడమూ మంచి ఆలోచనే. కొనేవాళ్లు ముందే సరిచూసుకోవచ్చు, ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. ఇక ఆధార్ నంబరు చెప్పి, వేలు పెట్టి, ఊళ్లోనే బ్యాంకు డబ్బు తీసుకునే ఏర్పాటు పింఛనుదారులకూ కూలీలకూ నిజంగా మేలు చేసింది. బ్యాంకున్న ఊరికి ఆటోలో వెళ్లి, ఒక రోజు కూలి పోగొట్టుకునే అవస్థ తప్పించింది.

మూడూ మంచి పనులే. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. దొంగలు చూశారు.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఓ సిమ్ కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌ నుంచి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చు తీసి, ఆ నకిలీ ముద్రలతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది అభియోగం. అమ్మకాల టార్గెట్ కోసం మొదలైన పని అది. తర్వాతి ఏళ్లలో అదే దారిలో ముఠాలు బయల్దేరి నేరుగా బ్యాంకు ఖాతాల మీద పడ్డాయి. ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థ, అంటే ఏఈపీఎస్‌లో డబ్బు తీయడానికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. దస్తావేజులో ముద్రతో పాటు ఆధార్ నంబరూ దొరికితే ఇంకేం కావాలి?

ఖాతాదారు ఇంట్లో ఉండగానే ఫోనుకు డెబిట్ మెసేజ్ వస్తుంది. బ్యాంకుకు పరుగెత్తితే, 'మీ వేలిముద్రతోనే తీశారు కదా' అని జవాబు. నేను వేలు పెట్టలేదు మొర్రో అంటే వినేదెవరు? కంప్యూటర్‌ రికార్డేమో ఆ వేలే పడిందంటోంది. సొంత ఒంటి మీది గుర్తే ఆ మనిషికి ఎదురు సాక్ష్యం చెబుతోంది.

దస్తావేజుల్లో వేలిముద్రలు కనబడకుండా మరుగుపరిచే పని ఈ మోసాలు బయటపడ్డాకే మొదలైంది. అప్పటికే డౌన్‌లోడైన కాగితాలను వెనక్కి రప్పించే దారి లేదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ఏటీఎం కార్డు పోతే బ్లాక్ చేయించి కొత్తది తెచ్చుకుంటాం. ఇంటి తాళంచెవి పోతే తాళమే మార్చేస్తాం. వేలిముద్ర పోతే? పది వేళ్లు, రెండు కళ్లు, ఒక ముఖం. పోయేదాకా ఇవే. బయోమెట్రిక్ భద్రత మీద చర్చ ఏదైనా ఇక్కడ మొదలవ్వాలి. ఇచ్చినవాళ్లు మార్చుకోలేని దాన్ని తీసుకున్నవాళ్లు అంతే గట్టిగా కాపాడాలి. కాపాడలేనప్పుడు తీసుకోకూడదు.

మిషన్ చూసేదేమిటి?

స్కానర్ మీద వేలు పెట్టగానే అది చర్మం మీది గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయో, ఎక్కడ రెండుగా చీలుతున్నాయో వెతుకుతుంది. ఆ చుక్కల స్థానాలను అంకెలుగా మార్చి ఓ నమూనా తయారుచేస్తుంది. ఐరిస్‌ స్కానర్ కంటిలోని రంగు వలయపు అల్లికను చూస్తుంది. ముఖాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ ముఖమంతటినీ ఓ పొడవాటి అంకెల వరుసగా మార్చుకుంటుంది. అసలు పని ఆ తర్వాతే. పాత నమూనాతో కొత్తదాన్ని పోల్చాలి.

ఒకే వేలి నుంచి రెండుసార్లు తీసిన నమూనాలు అచ్చు గుద్దినట్టు ఉండవు. వేలు కాస్త పక్కకు జరిగినా, తడిగా ఉన్నా తేడా వస్తుంది. అందుకే 'ఇంతవరకు కలిస్తే చాలు' అని ఓ గీత గీస్తారు. గీత కిందికి దించితే పరాయివాళ్లు లోపలికి వచ్చేస్తారు. పైకి జరిపితే అసలు మనిషి బయట నిలబడిపోతాడు. ఈ రెండు తప్పులూ ఒక్కసారిగా సున్నా అయ్యే మిషన్ ఇంతవరకు రాలేదు. 2002లోనే జపాన్‌లోని యోకొహామా నేషనల్ యూనివర్సిటీలో త్సుతోము మత్సుమోతో బృందం వంటింట్లో వాడే జెలటిన్‌తో నకిలీ వేళ్లు చేసి అప్పటి స్కానర్లను మోసం చేసి చూపించింది. 2008లో జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం ఆ దేశ హోంమంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయ్‌బ్లె వేలిముద్రను ఆయన తాగిన గ్లాసు మీది నుంచి సేకరించి, తన పత్రికలో ప్రచురించింది. వేలిముద్ర రహస్యం కాదు. పట్టుకున్న ప్రతి వస్తువు మీదా దాన్ని వదిలి వస్తుంటాం.

ఆ నమూనాను ఎక్కడ దాస్తారన్నదాన్ని బట్టి ప్రమాదం మారిపోతుంది. 2013లో ఐఫోన్‌లో వచ్చిన టచ్ ఐడీ వేలి నమూనాను ఫోన్ చిప్‌లోని ప్రత్యేక భాగంలోనే దాచింది. పోలిక అక్కడే జరుగుతుంది, కంపెనీ సర్వర్‌కు వెళ్లదు. ఆ ఫోను పోయినా ఒక్కరి సంగతే. కోట్లమంది ముద్రలు ఒక్కచోట చేరితే ఒక్క పొరపాటుకు కోట్లమంది మూల్యం చెల్లించాలి. అమెరికా ప్రభుత్వ సిబ్బంది వివరాలు దాచే ఆఫీసు మీద సైబర్ దాడి జరిగినట్టు 2015లో బయటపడింది. అందులో 56 లక్షలమంది వేలిముద్రలు పోయాయి. 2019లో బయోస్టార్-2 అనే భద్రతా వ్యవస్థలో పది లక్షలకు పైగా వేలిముద్రలు రక్షణ లేకుండా ఇంటర్నెట్‌లో పడి ఉన్నట్టు పరిశోధకులు కనిపెట్టారు. 2021లో అఫ్గానిస్తాన్ తాలిబన్ల చేతికి చిక్కినప్పుడు అమెరికా సైన్యం వాడిన బయోమెట్రిక్ పరికరాలు కూడా వాళ్ల చేతికి వెళ్లాయి. తమకు సాయం చేసిన అఫ్గాన్లను గుర్తుపట్టడానికి అమెరికన్లు సేకరించిన సమాచారమే ఆ అఫ్గాన్ల ప్రాణాల మీదికి తెచ్చే పరిస్థితి వచ్చింది. ఎవరి చేతిలో ఉందని నమ్మి ఇస్తామో, ఎప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంటుందన్న పూచీ లేదు.

జంగీపూర్ నుంచి తెంభ్లీ దాకా

వేలిముద్రతో మనిషిని గుర్తించే విద్యకు మన దేశంతో పాత బంధం ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు పనికి సరుకు ఇచ్చే కాంట్రాక్టరు రాజ్యధర్ కోనాయ్ చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. ఆ సంతకం నాది కాదని కోనాయ్ రేపు బుకాయించకుండా భయపెట్టడమే తన ఉద్దేశమని హెర్షెలే రాసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతి కోసం అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు చెమటోడ్చారు. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది.

తెలుగు నేల మీదా ఈ కథ ఆధార్ కన్నా ముందే మొదలైంది. బోగస్ రేషన్ కార్డులు ఏరివేయడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 2005లోనే ఐరిస్ ఫొటోలు తీయించింది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లీలో తొలి ఆధార్ నంబర్లు ఇచ్చారు. ఇప్పుడు ఆ సంఖ్య 140 కోట్లు దాటింది.

దీనివల్ల జరిగిన మేలును కాదనలేం. పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లకు, ఇల్లు మారుతూ వలసపోయే కూలీలకు తమ పేరుతో ఓ గుర్తింపు దొరికింది. ఒకరి పింఛను మరొకరు తినేసే దారులు కొన్ని మూసుకున్నాయి. అయితే కోనాయ్ నాటి నుంచి నేటి దాకా ఒక్కటి మారలేదు. అడిగేది అధికారం ఉన్నవాళ్లు, ఇచ్చేది అవసరం ఉన్నవాళ్లు. బియ్యం కావాలంటే వేలు పెట్టాలన్నప్పుడు అక్కడ ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు.

వేలు అరిగిన చేతులు

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళల వేళ్లను దగ్గరగా చూడండి. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టి కొన మడిచి దారం కట్టాలి. రోజుకు వందలసార్లు అదే పని, ఏళ్ల తరబడి. బొటనవేలు, చూపుడువేలు కొనలు నున్నగా అరిగిపోతాయి. గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు తీసే చేతులు, భీమవరం వైపు ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచే చేతులు, సిమెంటు కలిపే చేతులు... అన్నింటిదీ ఇదే కథ. వయసు మీదపడితే ఏ పనీ చేయకపోయినా గీతలు పలచబడతాయి.

అలాంటి చేయి రేషన్ షాపులో మిషన్ ముందు ఎన్ని పాట్లు పడుతుందో ఆ వరసలో నిలబడ్డ ఎవరికైనా తెలుసు. "అవ్వా, గా వేలు గాదు, పక్క వేలు పెట్టు" అంటాడు డీలరు. అవ్వ వేలు కొంగుకు తుడుచుకుంటుంది, తలకు రాసుకుంటుంది, మళ్లీ పెడుతుంది. ఎర్ర లైటు. "ఇంగో చేయి పెట్టు." మళ్లీ ఎర్ర లైటే. "నన్ను ఎరుగవా బిడ్డా? నీ పెండ్లికి అన్నం దిన్నదాన్ని గాదా?" డీలరుకు ఆమె తెలుసు, ఊరంతటికీ తెలుసు. మిషన్ ఒప్పుకోలేదు కాబట్టి రేపు రమ్మంటాడు. వేలిముద్ర పడనంత మాత్రాన సరుకులు ఆపొద్దని, వేరే విధంగా గుర్తించి ఇవ్వాలని ఆధార్ సంస్థ యూఐడీఏఐ 2017లోనే చెప్పింది. ఐరిస్, ఓటీపీ లాంటి దారులూ ఉన్నాయి. కానీ ఫోను లేని అవ్వకు ఓటీపీ ఎక్కడికి వస్తుంది? శుక్లాలు పడ్డ కన్ను ఐరిస్ స్కానర్‌కు కష్టం కావచ్చు. రాసి ఉన్న మినహాయింపు అందని మనిషికి లేనట్టే.

గోప్యతకూ ఆకలికీ సంబంధం ఏమిటని కొందరు అడుగుతారు. సంబంధం ఇక్కడే ఉంది. నేను నేనే అని చెప్పుకునే హక్కు నా నోటి నుంచి, నన్నెరిగిన ఊరి నుంచి జారి ఓ మిషన్ చేతికి పోయింది. ఆ మిషన్ ఎందుకు కాదన్నదో అడిగే చోటు అవ్వకు లేదు.

చెప్పకుండా తీసుకునే ముఖం

వేలు పెట్టాలంటే కనీసం మనం చేయి చాపాలి. ముఖానికి అదీ అక్కర్లేదు. రోడ్డు మీద కెమెరా ఉంటే చాలు. 'ఈవిడ ఫలానా ఆవిడేనా?' అని ఒక్కరిని సరిచూసుకోవడం వేరు. గుంపులోంచి ఓ ముఖం తీసి 'ఇదెవరు?' అని లక్షలమందిలో వెతకడం వేరు. రెండోదానిలో మనకు తెలియకుండానే మనం అనుమానితుల వరసలో నిలబడతాం.

తెలంగాణ పోలీసులు 2018లోనే తమ యాప్‌లో ముఖాలను పోల్చే ఏర్పాటు తెచ్చుకున్నారు. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో కొన్ని పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను ప్రయోగాత్మకంగా సరిచూశారు. 2023లో హైదరాబాద్, విజయవాడ విమానాశ్రయాల్లో ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజి యాత్ర వచ్చింది. ఇప్పుడు అంగన్‌వాడీలో బాలింత తెచ్చుకునే పోషకాహారానికీ ముఖం చూపించాలి. బడిలో టీచరు హాజరుకూ ముఖమే.

2021లో కరోనా ఆంక్షల కాలంలో హైదరాబాద్ పాతబస్తీలో ఓ సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని అడిగి, ఫొటో తీశారు. ఏ చట్టం కింద తీశారు, ఆ ఫొటో ఏం చేస్తారు అని ఆయన లేఖ రాశారు. ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ముఖ గుర్తింపు వాడకాన్ని ప్రశ్నిస్తూ మన దేశంలో కోర్టుకెక్కిన తొలి కేసుగా దాన్ని చెబుతారు. ఆయన అడిగిన ప్రశ్న మనందరిదీ.

ఈ సాఫ్ట్‌వేర్ అందరినీ ఒకేలా చూడదు కూడా. 2018లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకురాలు జాయ్ బువలమ్వీనీ, టిమ్నిట్ గెబ్రూతో కలిసి చేసిన అధ్యయనంలో, ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్‌లు తెల్లని ఒంటి రంగున్న మగవాళ్ల విషయంలో 1 శాతం లోపే తప్పాయి. నల్లని ఒంటి రంగున్న ఆడవాళ్ల విషయంలో ఆ తప్పులు 34 శాతం దాకా వెళ్లాయి. 2020లో డెట్రాయిట్ శివార్లలో రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతీయుణ్ని ఇలాంటి తప్పు పోలికే ఇంటి ముందు, భార్యాబిడ్డల కళ్లెదుట అరెస్టు చేయించింది. ఆయనా కోర్టుకెళ్లాకే 2024లో పోలీసులు తమ పద్ధతులు మార్చుకోవడానికి ఒప్పుకున్నారు.

చట్టం ఎంతవరకు వచ్చింది?

గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు చేత చెప్పించింది ఓ పెద్దాయన పట్టుదల. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా రిటైరై, ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు చైర్మన్‌గా పనిచేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఎనభై దాటిన వయసులో ఆధార్‌ మీద కోర్టుకెక్కారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. 2018 సెప్టెంబరు 26 తీర్పులో 4-1 మెజారిటీతో ఆధార్ నిలబడింది. అయితే బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు ఆధార్ తప్పనిసరి అనే నిబంధనలను కోర్టు కొట్టేసింది. ఎక్కడ ఎప్పుడు వేలు పెట్టామన్న రికార్డులను ఆరు నెలలకు మించి దాచొద్దంది.

తర్వాతి అడుగులు అంత దృఢంగా లేవు. 2022లో వచ్చిన నేరస్తుల గుర్తింపు చట్టం అరెస్టయినవాళ్ల ఐరిస్, వేలిముద్రలు వంటివి తీసుకుని 75 ఏళ్లు దాచే వీలిచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కీలక బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది, సంతోషమే. కానీ బయోమెట్రిక్ వివరాలను సున్నితమైనవిగా ప్రత్యేకంగా పేర్కొన్న 2011 నాటి ఐటీ నియమాల తరహా రక్షణ ఈ కొత్త చట్టంలో లేదు. వేలిముద్రకూ, ఈమెయిల్ చిరునామాకూ ఒకే గది. పైగా ప్రభుత్వ విభాగాలను మినహాయించే అధికారం కేంద్రం దగ్గరే ఉంది. వేళ్లూ ముఖాలూ అందరికన్నా ఎక్కువ పోగేసుకున్నది ప్రభుత్వమే.

యూరప్ చట్టం బయోమెట్రిక్ వివరాలను ప్రత్యేక రక్షణ కిందికి తెచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లోనే, రాతపూర్వక అనుమతి లేకుండా వీటిని సేకరిస్తే పౌరులే నేరుగా కోర్టుకెళ్లొచ్చని చట్టం చేసింది. ఆ చట్టం కిందే ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2021లో తన ముఖ గుర్తింపు వ్యవస్థను మూసేసింది. పౌరుడి చేతికి ఆయుధమిస్తే కంపెనీ దారికి వస్తుందనడానికి అదే రుజువు.

మన చేతిలో ఉన్నవి

• మైఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ మీ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోండి. అవసరమైనప్పుడు తెరిచి మళ్లీ మూయొచ్చు. లాక్ ఉండగా రేషన్ షాపులోనూ వేలు పడదని గుర్తుంచుకోండి.

• గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో అక్కడే చూసుకోవచ్చు. తెలియని నమోదు కనిపిస్తే 1947కు ఫోన్ చేయండి.

• జిరాక్సు ఇవ్వాల్సిన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

• వేలిముద్రతో డబ్బు తీసే అలవాటు లేకపోతే ఏఈపీఎస్ సదుపాయాన్ని ఆపమని బ్యాంకులో రాసివ్వండి.

• డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఖాతాదారు తప్పు లేకుండా బయటివాళ్లు చేసిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడకూడదన్నది 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం.

• ఊళ్లో బ్యాంకు డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టాక రసీదు అడగండి. 'పడలేదు, మళ్లీ పెట్టండి' అంటే ఫెయిలైన రసీదు చూశాకే మళ్లీ పెట్టండి.

అడగాల్సినవి

ఈ జాగ్రత్తలన్నీ చదువుకున్నవాళ్లకు, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు. వేలు అరిగిన అవ్వకు కావాల్సింది చట్టం. వేలు పడకపోతే అదే రోజు, అదే చోట మరో దారిలో సరుకు ఇవ్వడం డీలరు దయ మీద కాకుండా బాధ్యతగా ఉండాలి. ఖాతాలోంచి డబ్బు తీయడానికి ఒక్క వేలిముద్ర చాలన్న పద్ధతి పోయి, ఖాతాదారుకు మాత్రమే తెలిసిన మరో గుర్తు దానికి తోడవ్వాలి. మోసం జరిగితే వేలు ఖాతాదారుదేనని బ్యాంకు నిరూపించాలి. తనది కాదని నిరూపించుకునే బరువు ఖాతాదారు నెత్తిన పెట్టకూడదు. పోలీసులు ముఖ గుర్తింపు వాడాలంటే ముందు శాసనసభలో చర్చ జరిగి, చట్టం రావాలి. ఎవరి మీద, ఎంతకాలం, ఎవరి అనుమతితో వాడతారో అందులో ఉండాలి.

సంతకం చేయించుకుంటే సరిపోయే చోట వేలు అడగడం మానాలి. ఆఫీసు హాజరుకు, అపార్ట్‌మెంట్ గేటుకు, జిమ్‌కు, హాస్టల్‌ మెస్‌కు కార్డు చాలు. ఉద్యోగం మానేసిన మనిషి వేలిముద్ర ఆ కంపెనీ కంప్యూటర్‌లో ఇంకా ఎందుకుండాలి? వేలు పెట్టమన్న ప్రతి చోటా మూడు మాటలు అడగడం మన హక్కు. ఎందుకు తీసుకుంటున్నారు? ఎక్కడ దాస్తారు? ఎప్పుడు చెరిపేస్తారు? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబివ్వలేనివాళ్లకు వేలు ఇవ్వననే హక్కును చట్టంలో రాయించుకోవాలి. ఆ పని మన ఎమ్మెల్యేలను, ఎంపీలను ఈ మూడు ప్రశ్నలూ అడగడంతో మొదలుపెట్టవచ్చు.